ఇద్దరికి సరిపోయే వంట పుస్తకం: నెల రోజుల డైరీ

1వ రోజు, ఆదివారం

అమ్మాయి వరంగల్ హాస్టల్‌కి వెళ్ళి నాలుగు నెలలైంది. అత్తయ్య గుంటూరులో మరిది వాళ్ళింట్లో ఉంటున్నారు. తార్నాకలో ఈ ఇంట్లో మిగిలింది నేనూ మా ఆయనా. చెయ్యి మాత్రం ఇంకా నలుగురికే కొలుస్తోంది. నిన్న రాత్రి ఫ్రిజ్ సర్దుతుంటే మూడు గిన్నెల్లో పప్పు బయటపడింది. సోమవారం టమాటా పప్పు, బుధవారం పాలకూర పప్పు, శుక్రవారం దోసకాయ పప్పు. మొదటి రెండూ పారబోశాను. చాలాసేపు మనసు బాగాలేదు.

అందుకే ఈ పని పెట్టుకున్నాను. చిన్న కుటుంబానికి పనికొచ్చే శాకాహార వంట పుస్తకం ఒకటి వెతకాలి. చదివి కాదు, వండి చూసి ఎంచుకోవాలి. గడువు నెల రోజులు. కావలసింది మూడు ఇళ్ళకి. మా ఇంట్లో ఇద్దరం. మియాపూర్‌లో ఒంటి గదిలో ఉండే తమ్ముడు. నల్లకుంటలో చిన్నమ్మ.

నిజం చెప్పాలంటే చిన్నమ్మ కోసమే ఎక్కువ. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో ముప్ఫై ఏళ్ళు వండిన మనిషి. బాబాయి పోయాక రెండు పూటలా పెరుగన్నం, ఊరగాయ. ఎప్పుడు అడిగినా "ఒక్కదానికి ఏం వండుకుంట బిడ్డా" అంటుంది. ఆమెకి వంట నేర్పక్కర్లేదు. ఒక్కరికి వండడం కూడా వంటేనని ఎవరో ఒకరు కాగితం మీద రాసి చూపించాలి.

"ఫోన్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి కదక్కా" అన్నాడు తమ్ముడు. ఉన్నాయి. పిండి చేతులతో వెనక్కి జరపలేం. పక్కన పెన్సిల్‌తో రాసుకోలేం. చిన్నమ్మ ఫోన్‌లో అసలు తెరుచుకోవు.

పొద్దున ఆబిడ్స్ వెళ్ళాం. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. రెండు గంటలు వంగి వంగి వెతికితే రెండు దొరికాయి. ఒకటి వెయ్యి వంటలు అని అట్ట మీద పెద్దక్షరాలతో ఉన్న లావు పుస్తకం. రెండోదానికి వెనక అట్ట లేదు, మధ్యలో పసుపు మరకలు. రెండూ కలిపి 150 రూపాయలు. మరకలున్న పుస్తకం అంటే ఎవరో నిజంగా వండారన్నమాట, అందుకే తీసుకున్నాను.

4వ రోజు, బుధవారం

ఇప్పుడు బల్ల మీద ఐదు పుస్తకాలు. ఆబిడ్స్‌వి రెండు, నా పెళ్ళికి అమ్మ ఇచ్చింది ఒకటి, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి తెచ్చిన రంగుల ఫొటోలది ఒకటి, ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇంగ్లిష్‌ది ఒకటి. ఈ ఇంగ్లిష్ పుస్తకం మీదే ఆశ ఎక్కువ. వంటలన్నీ ఇద్దరికే అని అట్ట మీదే ఉంది.

సాయంత్రమంతా లావు పుస్తకంతో కూర్చున్నాను. ఒక్కో వంట పక్కన టిక్కు పెట్టుకుంటూ లెక్కేస్తే, మేము మామూలు రోజున చేసుకునే పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు కలిపి 240 దాటలేదు. మిగతావన్నీ పిండివంటలు, స్వీట్లు, ఊరగాయలు, జ్యూసులు. ఆవకాయ పాళ్ళు 25 కాయలకి ఇచ్చారు. పండక్కి ఇల్లు నిండా చుట్టాలుంటే ఇది మంచి పుస్తకమే. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి ఇంటికొచ్చిన ఇద్దరికి కాదు.

రంగుల పుస్తకంలో ఇంకో చిక్కు. "ఆనపకాయ పెరుగు పచ్చడి" అని ఉంది. అత్తయ్య వాళ్ళకి ఆనపకాయ అంటే సొరకాయ. సిద్దిపేటలో మా అమ్మమ్మ ఇంట్లో అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు, గింజలు ఒలిచి గుడాలు చేసుకుంటాం. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మాట మీద మా ఇంట్లో చాలాసార్లు సంచీ తారుమారైంది. ఫొటో చూస్తే తెలుస్తుందిగా అనుకున్నాను, ఫొటోలో పెరుగు తప్ప ఏమీ కనబడటం లేదు. హైదరాబాద్‌లో అమ్మే తెలుగు వంట పుస్తకం ఇలాంటి పేర్లు రెండు రకాలుగానూ ఇవ్వాలి. ఈ ఊళ్ళో అన్ని జిల్లాల వాళ్ళమూ ఉన్నాం.

8వ రోజు, ఆదివారం

ఈ రోజు ఒకటే పని, సగం చేసి చూడటం. పుస్తకాలన్నీ "నలుగురికి" అంటాయి, ఇద్దరికైతే అన్నీ సగం వేసుకోండి అని ముందుమాటలో ఒక ముక్క రాసి వదిలేస్తాయి. అది ఎంతవరకు నిజమో చారుతో చూశాను.

నలుగురి లెక్క ప్రకారం లీటరు నీళ్ళు, దానికి తగ్గ చింతపండు, ఉప్పు. మరగడం మొదలయ్యాక పది నిమిషాలు. దించి కొలిస్తే 820 మి.లీ. ఉంది. తర్వాత అదే గిన్నెలో, అదే మంట మీద, అన్నీ సగం వేసి మళ్ళీ పది నిమిషాలు మరిగించాను. దించితే 320 మి.లీ. రెండుసార్లూ పోయింది 180 మి.లీ. నీళ్ళే. మంట అదే, గిన్నె అదే కాబట్టి ఆవిరయ్యేదీ అంతే. నీళ్ళు సగం పోశామని పొయ్యికి తెలియదు. మొదటిది చక్కటి చారు, రెండోది నాలుక మీద పెట్టలేనంత ఉప్పు, పులుపు. పొడి తప్పు, చింతపండు తప్పు అని ఇన్నాళ్ళూ వాటిని తిట్టుకున్నాను.

కుక్కర్‌లోనూ ఇదే కథ. అరకప్పు కందిపప్పు ఐదు లీటర్ల కుక్కర్‌లో నేరుగా వేస్తే అడుగున పల్చగా పరుచుకుని మాడింది. అదే చిన్న గిన్నెలో పెట్టి, కుక్కర్ అడుగున నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే పోస్తే బాగా ఉడికింది. అడుగు నీళ్ళు పప్పుని బట్టి తగ్గించకూడదు. పోపు కూడా అంతే. నూనె సగం చేస్తే వెడల్పు మూకుడులో ఆవాలు మునగవు, చిటపటలాడకుండానే నల్లబడతాయి. చిన్న పోపు గరిటె కొనుక్కోవాలి.

అయితే పుస్తకానికి పెట్టాల్సిన మొదటి పరీక్ష ఇది: ఏ గిన్నెలో, ఎంతసేపు, చివరికి ఎంత మిగలాలి అని చెబుతుందా? ఐదింటిలో వెనక అట్ట లేని పుస్తకం ఒక్కటే "చారు మూడు గ్లాసులకు దిగాలి" అని రాసింది. ఆ ఒక్క వాక్యం ఉంటే నీళ్ళు ఎన్ని పోయాలో మనమే సర్దుకోగలం.

10వ రోజు, మంగళవారం

"నిమ్మకాయంత చింతపండు." అమ్మ ఇచ్చిన పుస్తకంలో దాదాపు ప్రతి పులుసులోనూ ఈ మాటే. నన్నూ, మా ఆయన్నీ, పై ఇంటి ఆంటీనీ ఒక్కొక్క ఉండ తీయమని వంటింటి కాటా మీద పెట్టాను. నాది 24 గ్రాములు, ఆంటీది 31, మా ఆయనది 38. ఆయన ఉండని చూసి ఆంటీ "అది బత్తాయి" అన్నారు. నలుగురి పులుసులో ఈ తేడా కాస్త నీళ్ళు, కాస్త బెల్లంతో సర్దుకుంటుంది. ఒక్కరి గిన్నెలో సర్దుకోదు, కూర అక్కడితో పోయినట్టే. చిన్న వంటకి గ్రాములు కావాలి.

అమ్మ పుస్తకాన్ని పోటీలోంచి తీసేస్తున్నాను. బాధగానే ఉంది. అల్మారాలో దాని చోటు దానిదే.

13వ రోజు, శుక్రవారం

రోజూ ఆఫీసుకి వెళ్తూ జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచే పోతాను. 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ. మన తార్నాకలో కూర్చుని దేశం మొత్తానికి తిండి లెక్క రాస్తున్నారు. వాళ్ళు 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 2000 కిలో క్యాలరీలు తీసుకునే మనిషికి రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మి.లీ., గింజలు 35, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు.

ఈ లెక్క పట్టుకుని పుస్తకాల్లో గుత్తి వంకాయ కూర తీశాను. లావు పుస్తకంలో అరకిలో వంకాయలకి అరకప్పు నూనె, నలుగురికి. అరకప్పు అంటే 120 మి.లీ., మనిషికి 30 మి.లీ. బరువు చూస్తే అటూ ఇటూగా 27 గ్రాములే. మనిషికి రోజంతటికీ సరిపోవాల్సిన నూనె ఆ ఒక్క కూరలోనే అయిపోయింది. ఇక పోపు, దోసె, నెయ్యి దేంట్లోంచి తేవాలి? అట్ట లేని పుస్తకంలో అదే కూరకి మూడు పెద్ద చెంచాలు, అంటే 45 మి.లీ. మూత పెట్టి, సన్న మంట మీద, నీళ్ళు చిలకరిస్తూ మగ్గించమంది. రాత్రి అలాగే చేశాను. కాయ లోపలిదాకా మెత్తబడింది, కారం పట్టింది. మా ఆయన తేడా కనిపెట్టలేదు.

కూరగాయల అంకె చూసి మాత్రం కలవరపడ్డాను. ఇద్దరికి రోజుకి 800 గ్రాములు. మేము తింటున్నది అందులో సగం కూడా లేదు. కూర తక్కువ వండటం పొదుపు అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. తగ్గించాల్సింది అన్నం కుక్కర్.

15వ రోజు, ఆదివారం

నల్లకుంట. సంచీలో మూడు పుస్తకాలు.

చిన్నమ్మ పుస్తకాలు పక్కన పెట్టి ముందు టీ పెట్టింది. మాటల్లో "నువ్వు పప్పు దేంతో కొలుస్తవు?" అని అడిగి, అటక మీద డబ్బాలోంచి ఇత్తడి గిద్ద తీసింది. అరచేతిలో ఇమిడేంత. అంచు ఒకచోట సొట్టపడింది, లోపల మెరుపు పోయి మచ్చలు కట్టింది, అడుగున వాళ్ళ అత్తగారి పేరు పొడి అక్షరాలు. చింతపండు పెట్టి తోమి, తుడిచి నా చేతిలో పెట్టింది. "నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మేము మానికతోనే పోసినం, దీని మొఖం ఎవలు చూసిన్రు."

నేను తీసుకెళ్ళిన కొలత గ్లాసులో నీళ్ళు పోసి చూశాను. గిద్దకి 62 మి.లీ. పట్టాయి. కందిపప్పు తలగొట్టి పోసి కాటా మీద పెడితే 51 గ్రాములు. మొన్నటి 85 గ్రాముల లెక్క గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. మధ్యాహ్నానికి గిద్దెడు పప్పు, పొద్దున ఒక పెసరట్టు, అంతే, ఒక్క మనిషికి రోజుకి కావలసిన పప్పులు వచ్చేసినట్టే. ఒక్కరికి సరిపోయే కొలత మన ఇళ్ళల్లో ఎప్పుడో ఉంది. ఇల్లంతా మనుషులున్నప్పుడు దాంతో పని పడక అటకెక్కింది.

పుస్తకాల్లో ఆమె రంగులది ముట్టనే లేదు, నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు కనబడటం లేదంది. అక్షరాల సైజు నేను అసలు పరీక్షలో పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సింది.

19వ రోజు, గురువారం

ఆఫీసు నుంచి మెట్రోలో అమీర్‌పేట మారి మియాపూర్. తమ్ముడి వంటిల్లు: ఒక ఇండక్షన్ స్టవ్, రెండు లీటర్ల కుక్కర్, ఒక మూకుడు, మిక్సీ. ఇంగ్లిష్ పుస్తకం వాడి దగ్గర వారం ఉంచాను. నాలుగు వంటలు చేశాడట, నాలుగూ బాగా కుదిరాయట. ఫ్రిజ్ తెరిచి చూపించాడు. ముప్పావు ఎర్ర క్యాప్సికం, సగం ప్యాకెట్ పుట్టగొడుగులు, మూత తీసిన కొబ్బరిపాల డబ్బా, వడలిన కొత్తిమీర.

అసలు సంగతి అక్కడ అర్థమైంది. ఆ పుస్తకం వండిన అన్నం మిగలకుండా చూసింది, కొన్న కూరగాయని పట్టించుకోలేదు. పావు క్యాప్సికం వాడమని చెప్పి తర్వాతి పేజీలో ఇంకో కొత్త కూరగాయ కొనమంటుంది. హైదరాబాద్‌లో సొరకాయ పావు ముక్క ఎవరిస్తారు? చింతచిగురు, గోంగూర కట్టలుగానే వస్తాయి. కొబ్బరికాయ ఒకటే వస్తుంది. చిన్న ఇంట్లో చెత్తబుట్టకి ఎక్కువగా వెళ్ళేవి వండనివే.

వెనక అట్ట లేని పుస్తకం మొదటి నుంచీ ఎందుకు నచ్చుతోందో అప్పుడు తట్టింది. మిగతావన్నీ పప్పులు, కూరలు, పచ్చళ్ళు, పులుసులు అని వంట రకాన్ని బట్టి విడదీసినవి. ఇది కూరగాయని బట్టి పేర్చింది. సొరకాయ అంటే వరసగా దానివే తొమ్మిది వంటలు. ఒక కాయ కొంటే మూడు రోజులు ఏం చేయాలో ఎదురుగా ఉంటుంది.

ఇంకోటి రాసుకోవాలి. తమ్ముడు రాత్రి అన్నం మూకుడులోనే వదిలేసి మర్నాడు మధ్యాహ్నం వేడి చేసుకుంటున్నాడు. కోప్పడ్డాను. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒంటరిగా ఉన్నవాడికి రాత్రిపూట వాంతులైతే చూసేవాళ్ళెవరు? ఈ ముక్క ఐదు పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

26వ రోజు, గురువారం

ఈ వారం మొత్తం కూరగాయల పుస్తకంతోనే వండాను. ఇక దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నాం.

శుక్రవారం మా వీధి సంతలో కొన్నవి: కిలో వంద గ్రాముల సొరకాయ, అరకిలో వంకాయలు, చిన్న క్యాబేజీ, నాలుగు మెంతికూర కట్టలు, పావుకిలో చిక్కుడుకాయలు. సొరకాయ ఎలా సాగిందో రాస్తాను. కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడమంది పుస్తకం, చేదుగా ఉంటే వండొద్దు, పారేయమంది. ఆ చేదు నిజంగా విషమే, ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. ఇలా జాగ్రత్త చెప్పే పుస్తకాన్ని నమ్మాలనిపిస్తుంది. మాది తియ్యగానే ఉంది. మొదటి రోజు సగం కాయతో పప్పు, చెక్కుతో నువ్వులు వేసి తొక్కు పచ్చడి. రెండో రోజు పాలు పోసి కూర. మూడో రోజు మిగిలిన ముక్క తురిమి పెరుగు పచ్చడి. ఒక్క తొడిమే పారేశాను.

క్యాబేజీ అంత బాగా సాగలేదు. కూర, పచ్చడి, పెసరపప్పు వేసిన పొడికూర అయ్యాక కూడా గుప్పెడు మిగిలింది, మా ఆయన ఇంక వద్దన్నారు. నిజమే, నాలుగో రోజు నాకూ మొహం మొత్తింది. చిన్న ఇల్లైతే క్యాబేజీ పొరుగువాళ్ళతో సగం పంచుకోవాలి. పై ఇంటి ఆంటీతో ఒప్పందం కుదిరింది.

లోపాలు కూడా చెప్పాలి. పాళ్ళు నలుగురికే ఉన్నాయి. గ్రాములు ఇచ్చారు కాబట్టి సగం చేయడం సులువు, కానీ చేసుకోవాల్సింది మనమే. పచ్చి పులుసు లేదు. సర్వపిండి లేదు. గంగవాయిలి కూర పేరే లేదు. హైదరాబాద్ ఇళ్ళలో చేసే బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ సంగతి సరే సరి. రాసినవారిది కోస్తా వైపు అనిపిస్తోంది. తెలంగాణ వంటలు పదకొండు నేనే ఇద్దరి కొలతల్లో రాసి, జిరాక్స్ తీసి, పుస్తకం వెనకాల అట్ట ఉండాల్సిన చోట అంటించాను. సొరకాయ సర్వపిండి కూడా అందులో పెట్టాను.

ఫ్రిజ్‌లో ఈ రాత్రి మిగిలింది ఒక గిన్నె. అది రేపటి టిఫిన్ డబ్బాకే.

29వ రోజు, ఆదివారం

కాచిగూడలో పుస్తకాల షాపులో అదే పుస్తకం కొత్త ముద్రణ దొరికింది, రెండే కాపీలు. తమ్ముడికి ఒకటి, మాకొకటి. అట్ట లేని పాతది చిన్నమ్మకి ఇవ్వడమేమిటని మా ఆయన అన్నారు. నేనూ పాతదాంతో పాటు కొత్తదీ పట్టుకెళ్ళాను. ఆమె రెండూ పక్కపక్కన పెట్టి చూసి పాతదే తీసుకుంది. అక్షరం పెద్దది, పైగా తెరిస్తే బల్ల మీద ఒరగకుండా పరుచుకుంటుంది. వెనక అంటించిన కాగితాలు తిప్పి "పచ్చి పులుసుల ఎల్లిగడ్డ ఎక్కువ రాసినవ్" అంది.

తర్వాత పెన్సిల్ అడిగింది. సొరకాయ పప్పు పేజీలో "కందిపప్పు 200 గ్రా." అన్నదాన్ని కొట్టేసి పక్కన "గిద్దెడు" అని రాసుకుంది. చింతపండు దగ్గర ఆగి, ఉండ తీసి నా చేతిలో పెట్టి తూచమంది. ఆరు గ్రాములు. అదీ రాసుకుంది.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసింది. "ఇయ్యాల సొరకాయ పప్పు వండిన బిడ్డా. సగం కాయ బట్టల చుట్టి పెట్టిన. రేపు పెరుగు పచ్చడి చేస్త, ఎల్లుండి సర్వపిండి. నువ్వు బుధవారం రా."